ఆట చూడ రండి



సైబర్‌జయలో మన సాంస్కృతికోత్సవం జరుపుకుంటున్న ఈ శుభ సందర్భాన నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. 'యువత, క్రీడలు' అని విషయం కూడా వారే ఇచ్చారు. నేను ఈ దేశంలో మూడవ తరం వాడిని. మా తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చి దిగువ పేరాక్‌లో కొబ్బరి తోటలో పనిచేశారు. మా నాన్నగారు తోట బడిలో తెలుగు అక్షరాలు దిద్దారు. నేను చదివినది మలాయ్ బడి, ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినది కూడా మలాయ్ బడిలోనే. నా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగు. కనుక తప్పులు దొర్లితే మన్నించండి. దిద్దాలనుకునే వారు సభ ముగిశాక టీ దగ్గర దిద్దండి. ఎర్ర పెన్ను నా జేబులోనే ఉంది.

యువత గురించి పెద్దలు మాట్లాడితే అది సాధారణంగా మందలింపుగా మారుతుంది. ఈ రోజు నేను పిల్లలను మందలించబోవడం లేదు. కళాశాలల్లో మన పిల్లలు ఆడే బాస్కెట్‌బాల్ గురించి, దానిని చూడవచ్చే జనం గురించి, ఆ ఆటలు జరిగే చిన్న చిన్న హాళ్ళ గురించి మాట్లాడతాను. మందలింపు ఏమైనా ఉంటే అది నాకూ, నా వయసు వారికీ.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాను. మా అప్ప మనవరాలు ఇక్కడి ఒక కళాశాలలో చదువుతోంది. మా ఇంట్లో అక్కను అప్ప అంటాం. అది మా తాతల నాటి విశాఖ వైపు మాట. తోటలో తమిళ పిల్లలు "నీకు ఇద్దరు అప్పలా?" అని నవ్వేవారు. ఆ పిల్ల తన కళాశాల జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. పదవీ విరమణ చేసిన వాడిని, దగ్గరలోనే ఉంటున్నాను గనుక, గత ఏడాది జట్టు ఆడిన ఆటలన్నింటికీ వెళ్ళాను. చివరి పోటీకి మా అప్ప తెలుక్ ఇంతాన్ నుంచి బస్సులో వచ్చింది. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. మనవరాలు ఆడుతుంటే ఒక్కసారి కూడా చూడలేదు. అరగంట ముందే వెళ్ళాం. అయినా గుమ్మం దగ్గర ఒక కుర్రవాడు చేతులు జోడించినంత పని చేసి, "పెనూ, పాక్చిక్" అన్నాడు. నిండిపోయింది. అతని తప్పు లేదు. ఉన్న బల్లలకు మించి జనాన్ని లోపలికి పంపకూడదని నియమం. అగ్ని ప్రమాదం జరిగితే బయటపడే దారి ఉండాలి కదా.

ఆ కుర్రవాడే వరండాలో అప్పకు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. ఆట అంతసేపూ ఆమె అక్కడే కూర్చుని విన్నది. బూట్లు నేలకు రాసుకునే కీచు, ఈల, బంతి చప్పుడు, మధ్యమధ్య జనం కేకలు. ఆట అయ్యాక చెమటతో తడిసిన మొహంతో పిల్ల పరుగున వచ్చి, "చూశావా అమ్మమ్మా?" అని అడిగింది. అప్ప, "విన్నానమ్మా" అన్నది.

ఇంటికి వెళ్ళేదాకా నేను మండిపడుతూనే ఉన్నాను. ఇంత నగరం కట్టారు, పిల్లలు ఆడుకునే చోట నాలుగు బల్లలు ఎక్కువ వేయలేకపోయారా అని. ఆ కోపంలోనే కళాశాల వారికి ఉత్తరం రాద్దామని నా నోటు పుస్తకం తెరిచాను. బడిలో ఉండగా నేను జట్టు వెంట వెళ్ళి స్కోరు రాసేవాడిని, హాజరు పట్టీ సరే సరి. ఆ అలవాటు పోలేదు. కనుక ప్రతి ఆటకూ ఎంతమంది వచ్చారో పుస్తకంలో ఉంది. పద్నాలుగు. పదకొండు. తొమ్మిది. ఒక వానరోజు నేనూ, మా జట్టులో ఒక పిల్ల తల్లీ, ఊడ్చే మనిషీ. ఆ చివరి రోజుకు ముందు జరిగిన ఏడు ఆటలకూ వచ్చిన వారినందరినీ కలిపినా, ఆ చివరి రాత్రి గుమ్మం బయట నిలబడిపోయిన వారంత లేరు. నేను ఉత్తరం రాయలేదు.

ఆ హాలు ఒక్క రాత్రికి చాలలేదు. ఏడు రాత్రులు బావురుమన్నది. మరి దానిని చిన్నదనాలా, పెద్దదనాలా? అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ ఆట పుట్టుక గురించి కొంత చదివాను. విన్నవించుకుంటాను.

బాస్కెట్‌బాల్ అసలు ఒక గది లోంచి పుట్టిన ఆట. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, బయట మంచు పడుతూ ఉండగా, జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు తన తరగతిలోని 18 మంది కుర్రవాళ్ళను నాలుగు గోడల మధ్య ఎలా ఆడించాలా అని ఆలోచించాడు. పెట్టెలు రెండు కావాలని అడిగితే, కాపలాదారు పెట్టెలు లేవు, పీచ్ పళ్ళ బుట్టలున్నాయి అన్నాడట. మలాయ్‌లో మనం బోలా కెరంజాంగ్ అంటున్నది ఆ కెరంజాంగు పేరు మీదనే. గదికి చుట్టూ ఉన్న మేడ వరండాకు ఆ బుట్టలను మేకులతో కొట్టారు. ఆ వరండా ఎత్తు పది అడుగులు. ఈనాటికీ ప్రపంచమంతటా ఆ కమ్మీ ఎత్తు పది అడుగులే. ఎన్నడూ చూడని ఆ గది కొలతను మన పిల్లలు తెలుక్ ఇంతాన్‌లోనూ, కాకినాడలోనూ పాటిస్తున్నారు.

చూడవచ్చినవారు కూడా ఈ ఆటను మార్చారు. జనం ఆ మేడ వరండాలో నిలబడి చూసేవారు. బంతి బుట్ట దగ్గరకు వస్తే చెయ్యి చాచి తమ జట్టుకు సాయం చేసేవారు, ఎదుటి జట్టు బంతిని తోసేసేవారు. ఆ చేతులను ఆపడానికే బుట్ట వెనుక పలక పెట్టారు. తర్వాతి రోజుల్లో అమెరికాలో కొన్నిచోట్ల కోర్టు చుట్టూ ఇనుప తీగల పంజరమే కట్టారు. అందుకే పాత పత్రికలవాళ్ళు ఆటగాళ్ళను పంజరం వాళ్ళని రాసేవారు. ఇరుకు గదిలో ఆడేవారికీ చూసేవారికీ మధ్య జానెడు దూరం ఉండటం వల్ల వచ్చిన తంటాలివి. ఆ ఇరుకులోంచే ఈ ఆటకు రుచి కూడా వచ్చింది.

ఇరుకు భరించలేక బయటకు వెళ్ళినవారూ ఉన్నారు. న్యూయార్కులో నెడ్ ఐరిష్ అనే పత్రికా విలేఖరి ఒక కళాశాల ఆట గురించి రాయడానికి వెళితే, గుమ్మం దగ్గర జనం క్రిక్కిరిసి ఉండటంతో కిటికీలోంచి దూరబోయి ప్యాంటు చింపుకున్నాడని చెప్పుకుంటారు. నాకు ఆ కథ చదివినప్పుడు మా అప్ప ప్లాస్టిక్ కుర్చీ గుర్తుకు వచ్చింది. ఆయన ఊరుకోలేదు. 1934 చివరలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద భవనంలో ఒకే రాత్రి రెండు కళాశాల ఆటలు పెడితే, 16,000 మందికి పైగా వచ్చారు. కళాశాల బాస్కెట్‌బాల్ దేశమంతా పాకింది. దానితో పాటు పందాల రాయుళ్ళు కూడా వచ్చారు. 1950లో రెండు పెద్ద పోటీలనూ ఒకే ఏడాది గెలిచిన న్యూయార్కు సిటీ కళాశాల కుర్రవాళ్ళు కొందరు, ఇతర కళాశాలల వాళ్ళూ, డబ్బు తీసుకుని స్కోర్లు తగ్గించి ఆడారని 1951లో బయటపడింది. ఆ తర్వాత చాలా కళాశాలలు తమ ఆటలను మళ్ళీ తమ ఆవరణల్లోకే తెచ్చుకున్నాయి. సొంత వాకిట్లో అయితే కనీసం మన పిల్లల మొహాలు మనకు తెలుస్తాయని కాబోలు.

పెద్ద భవనాలతో ఇంకొక చిక్కు ఉంది. 1968 జనవరి 20న హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్‌లో రెండు విశ్వవిద్యాలయాల జట్లు ఆడితే 52,693 మంది వచ్చారు. కోర్టును ఆ మహా మైదానం నట్టనడుమ వేశారు. మొదటి వరుసలో కూర్చున్నవారికి కూడా ఆట ఎక్కడో దూరాన జరిగింది. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం 1981లో తన ఆవరణలోని చిన్న హాలు విడిచి ఊరి బయటి పెద్ద భవనానికి మారింది. జట్టు గొప్పగా ఉన్న రోజులవి, 1984లో జాతీయ విజేతలయ్యారు. తర్వాత నగరం నడిబొడ్డున సుమారు 20,000 మంది పట్టే భవనానికి వెళ్ళారు. జట్టు వెనుకబడిన ఇటీవలి ఏళ్ళలో అక్కడ వరుసలకు వరుసలు ఖాళీ. పదకొండు మంది మా హాలులో కూర్చుంటే పలచగా ఉంటుంది. ఐదు వేల మంది అక్కడ కూర్చున్నా పలచగానే ఉంటుంది.

వారికి భిన్నంగా డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 1940లో తెరిచిన రాతి భవనాన్నే అట్టిపెట్టుకున్నారు. అందులో 9,314 మందికే చోటు. విద్యార్థులు కోర్టు గీతకు ఆనుకున్న చెక్క బల్లల మీద నిలబడి అరుస్తారు. పెద్ద ఆట ముందు చోటు కోసం బయట గుడారాలు వేసుకుని చలిలో వారాల తరబడి ఉంటారు. చోటు తక్కువ కావడమే వారికి ఉత్సవమైపోయింది. కానీ నాలాంటి ముసలివాడు గుడారంలో పడుకోగలడా? మా అప్ప నిలబడి అరవగలదా? చిన్న హాలును పొగిడేవారు ఈ ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. హాలు నిండినప్పుడు ముందుగా బయట మిగిలేది తోసుకుని వెళ్ళలేనివారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, దూరం నుంచి వచ్చినవారు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. మలేషియాలో ఈ ఆటను పెంచి పోషించినది చీనా బడులూ, చీనా సంఘాలూ. ఆ మాట ఒప్పుకోవాలి. బడి ముందు సిమెంటు కోర్టు, సాయంత్రం దీపాలు, చుట్టూ తల్లిదండ్రులు. ఇది వారి ఇంటి అలవాటు. 2016లో మన కౌలాలంపూర్ జట్టు డ్రాగన్స్ ఆసియాన్ లీగ్ గెలిచినది ఆ అలవాటు బలం మీదనే. మన దేశపు స్త్రీల జట్టు 2015లో సింగపూర్‌లోనూ, 2017లో కౌలాలంపూర్‌లోనూ ఆగ్నేయాసియా క్రీడల్లో స్వర్ణ పతకం గెలిచింది. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? నాకు తెలియదు. మనవరాలు చెప్పాక తెలిసింది.

మన కళాశాలల హాళ్ళు ఎందుకు చిన్నవి? లెక్క చూడండి. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. చుట్టూ రెండేసి మీటర్లు ఖాళీ వదలాలి. మామూలు దేవాన్‌లో ఇది పోగా గోడల పక్కన మిగిలేది రెండు సన్నని పట్టీలు. బల్లలు అక్కడే. పైగా అదే నేల మీద నాలుగు బాడ్మింటన్ కోర్టుల గీతలు, పరీక్షల రోజుల్లో మేజాలు, పట్టాలిచ్చే రోజున కుర్చీలు. అన్ని పనులకూ కట్టినది ఏ పనికీ పూర్తిగా సరిపోదు. ఆంధ్ర దేశంలో కళాశాలల కోర్టులు చాలావరకు ఆరుబయటే. ఎండా వానా ఇబ్బందే గాని, ఎంతమంది వచ్చి నిలబడినా గోడ అడ్డురాదు. మా తోటలో ఫుట్‌బాల్ ఆడినప్పుడూ అంతే. తాడు కట్టేవారు, తాడు వెంట జనం.

ఈ సైబర్‌జయ సంగతి మరీ వేరు. ఇది 1997లో మొదలైన నగరం. అంతకు ముందు ఇదంతా తోటలే. మల్టీమీడియా విశ్వవిద్యాలయం వారి ఇక్కడి ఆవరణ 1999లో మొదలైంది, తర్వాత మరికొన్ని విద్యాసంస్థలు వచ్చాయి. చదువుకునే పిల్లలు వేలల్లో ఉన్నారు, కానీ శుక్రవారం సాయంత్రం సంచీ భుజాన వేసుకుని ఇళ్ళకు పోతారు. తల్లిదండ్రులు క్లాంగ్‌లో, ఈపోలో, బాగన్ దాతోలో. నగరం లోపలికి రైలు 2023 మార్చి 16న గాని రాలేదు. అంతవరకు కారు లేని ముసలివారికి ఇక్కడి సాయంత్రపు ఆట చంద్రమండలంలో జరిగినట్టే. బల్లలు ఖాళీగా ఉండటానికి కారణం పిల్లల మీద ప్రేమ లేకపోవడం కాదని నాకు తెలుసు. దూరం, పని, ట్రాఫిక్.

అయినా ఒక దృశ్యం చెప్పక తప్పదు. మా పిల్ల జట్టులో ఎక్కువ మంది చీనా అమ్మాయిలు. వారిలో ఒకరి తల్లి ప్రతి ఆటకూ కోసిన పుచ్చకాయ ముక్కలు డబ్బాలో తెచ్చేది. మా పిల్ల తరఫున ఒక్క ముసలివాడే వస్తున్నాడని గమనించి, ఆమె మా పిల్ల పేరు అడిగి నేర్చుకున్నది. ఆ తర్వాత మా పిల్ల బంతి వేసినప్పుడల్లా మనందరి బదులూ ఆ పేరు పిలిచి చప్పట్లు కొట్టింది. ఉచ్చారణ కొంచెం తప్పు. కానీ ఏడు ఆటలు అలా పిలిచింది. చివరి రోజున మన బంధువులు ఇరవై మంది వచ్చి గుమ్మం దగ్గర గొడవ చేస్తుంటే, ఆమె లోపల తన మామూలు చోట కూర్చుని ఉంది. నాకు సిగ్గు వేసింది.

"ఆ ఆట మనది కాదు కదా" అని మనలో కొందరంటారు. ఆట ఎవరిదైనా పిల్ల మనది. ఆ పిల్లకు రేపు తెలుగు తరగతికి రమ్మని, ఉగాదికి పాట పాడమని మనం చెప్పబోతున్నాం. తనకు ముఖ్యమైన చోటికి మనం రానప్పుడు, మనకు ముఖ్యమైన చోటికి తను ఎందుకు రావాలి? ఆ పిల్ల ఈ మాట నన్ను అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ మన సంఘం విషయం కొంచెం తాకుతాను, కార్యవర్గం వారు ఏమీ అనుకోవద్దు. ఉగాదికి మన హాలు చాలడం లేదని, వచ్చే ఏడు ఇంతకంటె పెద్దది తీసుకోవాలని చర్చ జరుగుతున్నది. తీసుకోండి, నేను కాదనను. మా అప్పలాంటివారు బయట నిలబడకూడదు. కానీ మంగళవారం సాయంత్రం తెలుగు తరగతి గదిలో ఇరవై కుర్చీలున్నాయి, వస్తున్నది ఆరుగురు. ఆ హాజరు పట్టీ కూడా నేనే రాస్తున్నాను. నా రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే ఒకే చేతిరాత, ఒకే కథ.

చేయదగిన పనులు కొన్ని మనవి చేస్తాను. పెద్ద ఖర్చు లేనివే. ఒకటి, కళాశాలల వారిని కలిసి, చివరి పోటీల రోజున గుమ్మానికి దగ్గరగా ఉన్న ఒక వరుసను ఆటగాళ్ళ ఇంటి పెద్దలకు ఆట మొదలయ్యేదాకా అట్టిపెట్టమని అడుగుదాం. రెండు, హాలు నిండితే పక్కనున్న భోజనశాలలో తెర మీద ఆట చూపించమని కోరదాం. ఈ రోజుల్లో ఫోనుతోనే అది చేయవచ్చునని పిల్లలు చెబుతున్నారు. మూడు, రైలు స్టేషను నుంచి ముసలివారిని తీసుకురావడానికి కార్లున్న వారు ముందుకు రావాలి. నాలుగవది మన చేతిలోనే ఉంది. మామూలు ఆటలకు వంతులు వేసుకుందాం. బాస్కెట్‌బాల్ ఒక్కటే కాదు, మన పిల్లలు ఏ ఆట ఆడినా సరే. ఒక్కొక్క ఆటకు రెండు కుటుంబాలు చాలు. ఆ వానరోజున ఆరుగురు అదనంగా ఉండి ఉంటే ఆ హాలు ఎంత వేరుగా ఉండేదో, అక్కడ కూర్చున్నవాడిని గనుక నాకు తెలుసు. తొమ్మిది మంది కలిసి చప్పట్లు కొడితే చిన్న హాలులో బాగానే మోగుతుంది.

వంతుల పుస్తకం బయట టీ బల్ల మీద పెట్టాను. పేర్లు తెలుగులో రాసినా, మలాయ్‌లో రాసినా సరే. మొదటి పేరు మా అప్పది. ఈ ఏడాది మొదటి ఆటకే వస్తానని, చివరి ఆట దాకా ఆగనని ముందుగానే చెప్పింది. వచ్చే గురువారం సాయంత్రం ఏడు గంటలకు ఆ ఆట. గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు. నచ్చిన చోట కూర్చోవచ్చు. పుచ్చకాయ ఈసారి మనం తీసుకువెళ్దాం.